ఇంటికప్పున నెమ్ము మరక



నేటి ప్రసంగవిషయము చూపునకు మిక్కిలి చిన్నది. వానకాలమున గదిలో తలయెత్తి చూచినచో కప్పునకు లోపలితట్టున గోధుమవన్నె మరక యొకటి కనబడును. అంచున ముదురుగాను, నడుమ లేతగాను ఉండును. ఇంటివారు సున్నమో రంగో వేయింతురు, మరక మాయమగును. నాలుగు నెలలు గడచునప్పటికి అదే చోట, ఇంచుమించు అదే యాకారముతో, కొంచెము పెరిగి, మఱల తోచును. మఱల రంగు, మఱల మరక. ఈ విధముగా ఏటేట సొమ్ము వెచ్చించుచు మరకతో దాగుడుమూత లాడుచున్న కుటుంబములు హైదరాబాదు నడిబొడ్డునగల అమీరుపేట, పంజగుట్ట ప్రాంతములలో ఎన్నియో కలవు.

పట్టణపు కప్పుల గొడవ పల్లెవారి కేల యని మీలో కొందఱు శంకింపవచ్చును. మీ పిల్లలును మనుమలును చదువునకో కొలువునకో పోయి నివసించునది చాలవఱకు ఆ పేటలలోనే గదా. అమీరుపేటలో కంప్యూటరు విద్య నేర్పు శిక్షణాలయములును, వానిని ఆశ్రయించుకొని విద్యార్థులకు గదులిచ్చు వసతిగృహములును సందుసందునను వెలసినవి. మీ పిల్లవాడు నెమ్ముపట్టిన కప్పును చూచుచు ఆ గదులలో నిద్రించుచుండును. కొందఱు మీరు పొలమమ్మి యిచ్చిన సొమ్ముతో అక్కడ ఫ్లాటు కొన్నవారు. అది యట్లుండగా, పల్లెలలోను మట్టిమిద్దె పోయి కాంక్రీటు కప్పు వచ్చినది. ఇల్లెక్కడనున్నను రోగ మొక్కటియే.

మట్టిమిద్దె మాట వచ్చినది గనుక ఒక సంగతి చెప్పెదను. రాయలసీమలోను, తెలంగాణమున పలుచోట్లను మన పెద్దలు ప్రతియేట వానలకు ముందు మిద్దెయెక్కి, మొలచిన గడ్డి పెఱికి, చౌడుమన్ను తెచ్చి పఱచి త్రొక్కెడివారు. పంటకు పనికిరాని చౌడు మిద్దెకు పనికివచ్చుట యెట్లు? చౌటియందలి సోడియపు లవణములవలన బంకమట్టిరేణువులు తడియగానే విడివడి, సన్నని బెజ్జములలో దూరి వానిని పూడ్చివేయును. చేనిలో నీరింకనీయని దోషమే మిద్దెపై గుణమైనది. రసాయనశాస్త్ర మెఱుగకయే దీనిని కనిపెట్టినవారి బుద్ధి కొనియాడదగినది. అయితే నేను ముఖ్యముగా చెప్పదలచినది మన్నును గూర్చి కాదు. ఏడాది కొకసారియైనను ఎవరో యొకరు మిద్దెయెక్కి చూచెడివారు. నేడు అమీరుపేటలోని అయిదంతస్తుల మేడపైని డాబాకు తాళము, తాళపుచెవి కావలివానియొద్ద, నీళ్లతొట్టి పొంగినప్పుడు తప్ప దానిపై కెక్కువారు లేరు.

కాంక్రీటు రాయివలె గట్టిది, అందులో నీరెట్లు దిగునని అడుగువా రున్నారు. సిమెంటు గట్టిపడుటకు కావలసినదానికంటె మేస్త్రీలు అధికముగా నీరు కలుపుదురు. పని సులువగును గదా. ఆ యధికజలము ఆవిరియై పోయిన త్రోవలు సూక్ష్మరంధ్రములై మిగులును. దీపపువత్తి నూనెను పీల్చునట్లు అవి నీటిని పీల్చును. ఇక ఎండకు వ్యాకోచించి, వానకు సంకోచించి, కప్పున పడు బీటలు వేఱు.

ఇందొక చిక్కు కలదు. నీరు దిగినచోటును మరక తోచినచోటును ఒకటి కానక్కఱలేదు. చెఱువుకట్ట లోపలితట్టున ఎండ్రకాయ బొక్కలో దూరిన నీరు వెలుపలితట్టున పదిబారల యవతల ఊటయై తేలుట మీ రెఱిగినదే. కప్పునను అంతే. పైని పగులులో దిగిన నీరు, గచ్చునకును కాంక్రీటునకును నడుమ ప్రాకిపోయి, లేదా విద్యుత్తు తీగెలకొఱకు కప్పులో పెట్టిన గొట్టమువెంట నడచి, ఎక్కడ దారి సులభమో అక్కడ దిగును. పంకా తగిలించు కొక్కెముచుట్టును, దీపముండుచోటను మరకలు తఱచుగా కనబడుట కిదియే హేతువు. అట్టి మరక కనబడినచో తక్కిన విచారణ తరువాత. ముందుగా ఆ గదికి విద్యుత్తు నిలుపుచేసి, విద్యుత్పనివానిని పిలువవలెను. తడిసిన పంకామీటను చేతితో తాకరాదు. పిల్లలున్న యింట ఈమాట మఱువరాదు.

మరక యేల గోధుమవన్నె నుండును, ఏల అంచు ముదురుగా నుండును? నీరు కప్పుగుండ దిగుచు సున్నమును, లవణములను, ఇనుపతుప్పును, ధూళిని తనతో తెచ్చుకొనును. తడిసినచోటి యంచు ముందుగా ఆఱును. ఆఱుచున్న యంచునకు నడుమనుండి నీరు పాఱుచుండును. ఆ నీరు తెచ్చిన సరకెల్ల అంచుననే నిలిచిపోవును. ఉప్పునీరు పళ్లెములో ఎండునప్పుడు చుట్టును తెల్లని కట్టు కట్టుట చూచియుందురు. దీనినుండి తెలియవలసిన విశేషమొకటి: నీటితో కలుపు రంగును ఆ మరకపై పూసినచో, రంగులోని నీరే పాతమరకను కరగించి పైకి లాగును. అనగా కాఱుట యెప్పుడో నిలిచిపోయినను మరక తిరిగి రావచ్చును. తిరిగివచ్చిన ప్రతిమరకయు కొత్తనీటికి సాక్ష్యము కాదు. ఈ భేద మెఱుగక నిష్కారణముగా డాబా త్రవ్వించినవారును కలరు. కాఱుచున్నను పాతమరకయే యని ఉపేక్షించి కప్పు చెఱుపుకొన్నవారును కలరు.

కావున మొదట తెలిసికొనవలసినది మరక సజీవమో, నిర్జీవమో యని. దీనికి యంత్ర మక్కఱలేదు. మరక యంచువెంబడి పెన్సిలుతో గీతగీసి, ప్రక్కను తేది వ్రాయుడు. మరక గీత దాటినచో, లేదా చేయి పెట్టినప్పుడు చల్లగా తడి తగిలినచో, నీరు వచ్చుచున్నది. నెలలు గడచినను గీత లోపలనే పొడిగా నున్నచో అది పాతకథ.

నీరు వచ్చుచున్నదని తేలిన పిమ్మట ఎక్కడనుండి యన్నది ప్రశ్న. తర్కము చదివినవారికి పొగను చూచి నిప్పు నూహించుట తెలిసినదే. అందు అన్వయవ్యతిరేకములని యొక పద్ధతి కలదు. ఏది యున్నప్పుడు కార్య ముండునో, ఏది లేనప్పుడు కార్యము లేకుండునో, దానినే కారణముగా గ్రహింపవలెను. పాఠశాలలో ముప్పదియేండ్లు బాలురకు ఈ సూత్రమును వల్లెవేయించిన నాకు, ఇది మేస్త్రీపనికి ఇంతగా ఉపకరించునని కొలువు చాలించిన తరువాతనే ప్రత్యక్షమైనది. వాన పడినప్పుడు మరక తడిసి, వరపున ఆఱినచో, నీరు డాబానుండియో వెలుపలిగోడనుండియో వచ్చుచున్నది. వైశాఖమాసపు టెండలలోను తడి యాఱనిచో వాననిందించి ప్రయోజనము లేదు. పైయింటి స్నానపుగదినో, వంటయింటినో, నీళ్లగొట్టమునో శంకింపవలెను. వానతోను నీళ్లవాడుకతోను సంబంధము లేక, చలికాలపు వేకువలలోనే, లేదా శీతలయంత్రము నడచు గదులలోనే తడి తోచినచో, అది కాఱిన నీరు కాదు. గదిలోని ఆవిరి చల్లని కప్పునకు తగిలి నీరైనది.

ఈ కడపటిదానికి ఒక పరీక్ష కలదు. పదార్థములు చుట్టియుంచు అల్యూమినియపు రేకు జానెడు తీసికొని, తడి తుడిచినచోట నాలుగంచులు బంకకాగితముతో అంటించి ఒకటిరెండు దినము లుంచుడు. రేకునకు గదివైపున చెమ్మ పట్టినచో ఆవిరి. రేకు వెనుక పట్టినచో కప్పునుండి వచ్చు నీరు. కిటికీలు మూసి, తడిబట్టలు గదిలోనే ఆఱవేయు విద్యార్థుల వసతిగృహములలో ఆవిరివలన కలుగు నెమ్మును, దానిపై నల్లని చుక్కలుగా బూజును తఱచు కనబడును. ఉబ్బసము గలవారికి ఆ బూజు మంచిది కాదు. అచ్చట మేస్త్రీతో పని లేదు. గాలి యాడవలెను, బట్టలు బయట ఆఱవలెను, బూజును సబ్బునీటితో కడిగి ఆఱనీయవలెను. పొడిగా నున్నప్పుడు చీపురుతో దులిపినచో గదియంతయు వ్యాపించును.

అన్వయవ్యతిరేకముల మాట యంటిని. దృష్టాంత మొకటి చెప్పెదను. అమీరుపేటలో నే నెఱిగిన యొక కుటుంబము అయిదంతస్తుల మేడలో మూడవ యంతస్తున నుండెను. వారి పడకగది కప్పున మరక. మూడేండ్లలో మూడుమాఱులు రంగు వేయించిరి. మేస్త్రీ యొకడు వచ్చి డాబా పగిలినదనెను. పైని ఇంకను రెండంతస్తులుండగా, డాబానీరు వారిని దాటి వచ్చి వీరిగదిలోనే దిగుట అరుదు గదా! పైయింటివారిపై అనుమానము కలిగెను. వారు తమ యింట తడిలేదనిరి. మాటకు మాట పెరిగి, ఏడాదిపాటు రెండిండ్లకును పలుకులు లేవు. అంత ఆ యిల్లాలు గోడకు తగిలించిన పంచాంగముపై గుఱుతులు పెట్టనారంభించెను: వాన పడిన దినమునకు ఒక గుఱుతు, కప్పు తడిగా తోచిన దినమునకు వేఱొక గుఱుతు. రెండు నెలలైనను ఆ రెంటికి పొంతన కుదురలేదు. దసరాకు పైయింటివారు స్వగ్రామమునకు పోయి పండ్రెండు దినము లుండిరి. ఆ దినములలో రెండువానలు కురిసినను మరక నడుమనుండి ఆఱజొచ్చెను. వారు తిరిగివచ్చిన నాలుగవనాడు, ఆకాశమున మబ్బు తునుకయైన లేకుండగా, కప్పు తడిసెను.

ఇంతటితో ఆమె ఆగలేదు. నీళ్లు తెచ్చు గొట్టమును నీళ్లు పోవు గొట్టమును వేఱువేఱు గదా. డాబాపైని తొట్టినుండి కుళాయికి నీరు తెచ్చు గొట్టము రేయింబగళ్లు నిండియే యుండును. అది చిల్లియైనచో మనుష్యు లున్నను లేకున్నను కాఱుచునే యుండవలెను. ఇంట మనుష్యులు లేనప్పుడు తడి యాఱినది గనుక దోషము నీరు పోవు మార్గమున నున్నదని ఆమె నిశ్చయించెను. తార్కికులు సయిత మింతకంటె చెప్పగలది లేదు. పైయింటివారు ఈ లెక్క చూచి సమ్మతించిరి. స్నానపుగది జాలీని గుడ్డతో బిగించి, నేలపై రెండంగుళములు నీరు నిలిపి, అందు మిఠాయికి కలుపు రంగు కలిపిరి. నేలపై నీటిమట్టము తగ్గలేదు, క్రిందను రంగు దిగలేదు. అంతట గుడ్డ తీసి ఆ రంగునీటిని జాలీలోనికి విడిచిరి. మఱునాటికి క్రిందికప్పున ఎఱ్ఱనిచాయ తోచెను. నేల దోషము లేదు. జాలీక్రింద గిన్నెవలె నుండు భాగమునకును గొట్టమునకును గల అతుకే దోషము. దానిని విప్పి సరిచేయించిరి. ఖర్చు ఇరువురును పంచుకొనిరి.

స్నానపుగదుల విషయమున తెలియవలసినది మఱియొకటి కలదు. నగరపు మేడలలో ఆ గదుల కప్పును తక్కిన కప్పుకంటె అడుగుదాక పల్లముగా పోసి, గొట్టము లందమర్చి, ఆ పల్లమును ఇటుకముక్కలతో నింపి, పైని బండలు పఱతురు. అతుకు విడినచో ఆ పల్లము దాగియున్న కుంటవలె నిండును. అతుకు సరిచేసిన పిమ్మటను ఆ కుంటలోని నీరు దిగుటకు వారములు పట్టును. పని జరిగిన మఱునాడే మరక పోలేదని మేస్త్రీని తిట్టుట తగదు.

ఇక డాబా. హైదరాబాదున ఏడాదికి సగటున కురియు వాన సుమారు 80 సెంటీమీటర్లు. అమీరుపేటకు ప్రక్కనే యున్న బేగంపేటలో వాతావరణశాఖవారి వర్షమాపకము కలదు. 2020 అక్టోబరు 13, 14 తేదీల నడుమ ఒక్క దినమున ఆ నగరమున 19 సెంటీమీటర్ల వాన నమోదైనది. వెయ్యి చదరపుటడుగుల డాబాపై అంతవాన యనగా 17,000 లీటర్లకు పైమాట. అయిదువేల లీటర్లు పట్టు నీళ్లలారీలు మూడింటికిని మించినది. ఇంతయు నాలుగంగుళముల గొట్టములు రెండుమూడింటిగుండ దిగవలెను. గొట్టపు మూతిలో నేముండును? పావురములఈకలు, రాలినయాకులు, సంక్రాంతినాడు తెగిపడిన గాలిపటముల కాగితములును దారములును. దిగలేని నీరు నిలిచియుండును. నిలిచిన నీరు బీటలను వెదకికొనును. నే నెఱిగినంతవఱకు డాబా కాఱు ఇండ్లలో సగమునకు మందు చీపురు, తక్కినసగమునకే మేస్త్రీ.

బీటలు సామాన్యముగా పిట్టగోడ మొదటను పడును. ఎండకు కప్పు సాగును; గోడ దానితో సమముగా సాగదు; రెంటినడుమ వెంట్రుకవాసి సందు కలుగును. పెద్దలు ఆ మూలను కోణముగా విడువక గచ్చుతో గుండ్రముగా పూయించుట ఇందులకే. దూరదర్శనపు పళ్లెమునకును, బట్టలతీగె కంబమునకును, నీళ్లతొట్టి దిమ్మెకును కప్పులో రంధ్రము చేసి మేకులు దించినచోట్లు మఱి కొన్ని త్రోవలు. పక్షులు విడిచిన గింజ మొలచి రావిమొక్క యైనచో దానిని పైకి త్రుంచిన చాలదు; వేరు మిగిలినచో మఱల చిగిర్చి బీటను వెడల్పుచేయును. వేరుతో తీయవలెను.

డాబాపై నీరు కట్టి పరీక్షించుట మేస్త్రీల యలవాటు. మంచిదే. కాని నీటికి బరువు కలదు. వెయ్యి చదరపుటడుగులపై అంగుళము లోతు నీరు నిలిపినచో రెండుటన్నులకు మించిన భారము. కొత్తకప్పు దానిని మోయగలదు. తుప్పుపట్టి, పెచ్చు లూడుచున్న పాతకప్పుపై నీరు కట్టరాదు. అచ్చట కొంచెము కొంచెము భాగముపై తడిగోనె పఱచి చూచుట మేలు.

తుప్పు మాటయే ఈ ప్రసంగమునకు ప్రాణము. కాంక్రీటు కప్పునకు బలము లోపలి ఇనుపచువ్వలు. సిమెంటునందలి క్షారగుణము ఆ చువ్వలను తుప్పునుండి కాపాడుచుండును. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏండ్ల తరబడి రంధ్రములగుండ లోనికి పోయి ఆ క్షారమును హరించును. అప్పుడు నీరు తోడైనచో ఇనుము తుప్పుపట్టును. తుప్పు ఇనుముకంటె రెండింతలు మొదలు ఆఱింతలవఱకు చోటాక్రమించును గనుక, చువ్వ క్రిందనున్న కాంక్రీటును త్రోసివేయును. పెచ్చు లూడుట యనగా ఇదియే. గుండ్రని మరక కంటె తిన్నని గీతవలె సాగిన ఎఱ్ఱమరక భయంకరము; అది చువ్వ వెంబడి తుప్పు. కఱ్ఱతో మెల్లగా తట్టినప్పుడు డొల్లశబ్దము వచ్చినను, కప్పు నడుమ క్రుంగినట్లు తోచినను, దానిక్రింద మంచము తీసివేసి, నిర్మాణమెఱిగిన ఇంజనీరును పిలువవలెను. రంగులవాని పని కాదు.

ఈ కాలమున మఱియొక దుష్టాచారము ప్రబలినది. మరక కనబడకుండ జిప్సము పలకలతో ఇంకొక కప్పు క్రిందను వ్రేలాడదీయించుట. దానిని ఫాల్సు సీలింగు అందురు. సున్నము నాలుగునెలలు దాచును. ఇది నాలుగేండ్లు దాచును. ఆ నాలుగేండ్లును చువ్వ తుప్పుపట్టుచునే యుండును, చూచువా రుండరు. అందము కొఱకు వేయించుకొనువారిని నే నాక్షేపింపను. కాని నెమ్ము పోగొట్టక వేయించుట, కురుపును కడుగక పట్టు కట్టుటయే.

పాతసున్నపు కట్టడముల నీతి వేఱు. పంజగుట్టచెంత గుట్టపై ఇరమ్ మంజిల్ అను రాజభవనము కలదు. దానిని సుమారు 1870లో నవాబు ఫక్రుల్ముల్కు కట్టించెను. 2019 జూనులో ఆ భవనమును తొలగించి శాసనసభాభవనము కట్టవలెనని రాష్ట్రప్రభుత్వము తలపెట్టగా, అదే సంవత్సరము సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయమును కొట్టివేసినది. ఆలనాపాలన చాలక శిథిలమైనను, నూటయేబదియేండ్ల కట్టడము నిలిచియున్నది. డంగుసున్నము, ఇసుక, ఇటుకపొడి నూఱి, కరక్కాయ కషాయమును బెల్లపునీటిని చేర్చి గచ్చు పోయుట ఆనాటి వాడుక. సున్నము మెత్తనిది, కప్పు కదలినప్పుడు కొంత సర్దుకొనును, సన్నబీటలలో నీరు చేరినప్పుడు కరగిన సున్నమే మఱల గడ్డకట్టి వానిని పూడ్చును, లోనికి పోయిన తడిని ఆవిరిగా వెలికి పంపును. మీ గ్రామములలోని పాతగుడికిని, బంగళాకును కప్పు కాఱినచో, దానిపై సిమెంటు పూయింపకుడు. సిమెంటుపూత పెళుసు, అది పగిలి నీటిని లోనికి విడుచును గాని, ఆ నీటిని మఱల వెలికి పోనీయదు. సున్నమునకు సున్నమే మందు.

కాంక్రీటు కప్పునకు చికిత్స పైనుండియే జరుగవలెను. లోపలినుండి పూసిన ఏ పూతనైనను వెనుకనుండి వచ్చు నీరు త్రోసివేయును. సంక్రాంతికిని రోహిణికార్తెకును నడుమ, కప్పు బాగుగా ఎండినప్పుడు పని ముగింపవలెను. తడికప్పుపై పూసినది అంటుకొనదు. బీటను ఉలితో కొంచెము వెడల్పుచేసి, ధూళి లేకుండ కడిగి, ఆఱనిచ్చి, సాగుగుణముగల మిశ్రమముతో పూడ్చి, పిట్టగోడ మూల గుండ్రముగా తీర్చి, గొట్టములవైపు వాలు కుదిర్చి, అటుపిమ్మట నీరు దిగనీయని పూత వేయవలెను. నూఱడుగులకు ఒక అడుగైనను వాలు లేనిచోట ఎంత వెలగల పూతయైనను కొన్నియేండ్లకు ఓడిపోవును. తెలంగాణప్రభుత్వము 2023లో చల్లనికప్పుల విధానము ప్రకటించిన తరువాత డాబాలకు తెల్లరంగు వేయించువారు హెచ్చిరి. అది వేడిని తగ్గించును, ఆ మేరకు బీటలును తగ్గవచ్చును. కాని వేడినాపు రంగును నీటినాపు పూతయు ఒకటి కావు. కొనునప్పుడు డబ్బాపై చదివి తెలిసికొనవలెను.

పై పని యైన పిమ్మట లోపలిగార ఆఱుటకు నెలయో రెండునెలలో పట్టును. ఊడిన గారను గోకి, ఉప్పుపొడిని పొడికుంచెతో తీసివేసి (నీటితో కడిగినచో అది మఱల లోనికే పోవును), నీటిలో కరగని పూత, లక్కతోనో నూనెతోనో చేసినది, మొదట నొక చేయి వేసి, దానిపై మామూలు రంగు వేయవలెను. ఇట్లు చేసినచో పాతమరక పైకి రాదు.

ఇక ఖర్చెవరిదను తగవు. డాబా కాఱినప్పుడు బాధ పైయంతస్తువారిది, డాబాయో అందఱిది. క్రిందియంతస్తులవారు మాకేమి పని యందురు. ఇది చెల్లదు. 1987 నాటి అపార్టుమెంట్ల చట్టము ప్రకారము పైకప్పు ఉమ్మడియాస్తి. దాని మరమ్మతు సంఘమువారు అందఱి చందాతో చేయింపవలసినదే. స్నానపుగది అతుకు విడినచో ఆ యింటి యజమాని బాధ్యుడు. ఇల్లు కొత్తదైనచో మఱియొక మార్గము కలదు. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణచట్టము 14వ సెక్షను ప్రకారము, ఇల్లు అప్పగించిన నాటినుండి అయిదేండ్లలోపల కట్టుబడిదోషమును తెలియజేసినచో, కట్టినవాడు ముప్పది దినములలో తన ఖర్చుతో దానిని సరిచేయవలెను. చేయనిచో పరిహారము కోరవచ్చును. నోటిమాటగా చెప్పిన ఫిర్యాదునకు తేది యుండదు గనుక, వ్రాతమూలకముగా పంపి, నకలును, చేరినట్లు రసీదును దాచుకొనవలెను. పెన్సిలుగీతలును తేదులును కనబడునట్లు తీసిన ఛాయాచిత్రములు ఆ యుత్తరమునకు జతపఱుపవలెను. పొలమమ్మి యిచ్చిన సొమ్ముతో మీవారు కొన్న యిల్లైనచో, అప్పగింతపత్రమున తేది యేదో నేడే తీసి చూడుడు.